అయిదో అర

కదీశబి ఇత్తాత్త నా ముందు చాయ్ గ్లాసు పెట్టి, నేనుంటున్న అర, అంటే పడకగది, ఖాళీ చెయ్యమంది.

అది పాలు లేని సులైమానీ. పంచదార కూడా లేదు. నాకు షుగరు ఉందని ఆ ఇంట్లో గుర్తు పెట్టుకున్నది ఆవిడ ఒక్కతే. పొమ్మని చెప్పడానికి వచ్చిన మనిషి పంచదార వెయ్యకూడదన్న సంగతి మర్చిపోలేదు కదా అనుకుని ఒక గుక్క తాగాను.

"పెళ్ళి వచ్చే గురువారం," అంది తల మీద కప్పుకున్న తట్టం ముందుకు లాక్కుంటూ. "సైనబి అర మా రంసీనకి ఇస్తున్నాం. గోడలకి సున్నం కొట్టించాలి. నీ సామాను సర్దుకో."

రంసీన ఆవిడ చిన్న కూతురు. సైనబి నా భార్య, కదీశబికి చెల్లెలు. అందుకే ఆవిడ నాకు ఇత్తాత్త, అంటే అక్క. పోయి మూడేళ్ళయింది.

"సరే ఇత్తాత్తా."

"గోడకి చెప్పినట్టు సరే అనకు. ఎక్కడికి పోతావో చెప్పు."

"కల్లాయిలో మా చెల్లెలుంది."

"ఉంది. మూడేళ్ళ కిందా ఉంది. అప్పుడు గుర్తు రాలేదా?"

మా తెక్కేపురంలో ఆడపిల్ల తల్లి ఇల్లు దాటిపోదు. ఆమెకు అక్కడే ఒక అర ఇస్తారు. మొగుడు పొద్దుగూకాక ఆ అరకు వస్తాడు, తెల్లారాక తన పనికి పోతాడు. అతను ఆ ఇంటికి పుయ్యాప్ల, అంటే అల్లుడు. మెత్తటి పరుపు, మంచి ముక్క, మర్యాద అన్నీ అతనికే. భార్య పోతే వచ్చిన దారినే వెళ్ళిపోతాడు. ఇందులో ఎవరూ ఎవరికీ అన్యాయం చేసేది లేదు. నేనే వెళ్ళకుండా ఉండిపోయాను. సైనబి ఉన్నన్నాళ్ళూ కదీశబి నన్ను 'పుయ్యాప్లే' అని పిలిచి 'మీరు' అనేది. ఖననం అయిన నెల తిరక్కుండానే 'అలిక్కోయా', 'నువ్వు' మొదలయ్యాయి.

"ఒక్క మాట ఇత్తాత్తా. ఏటా సైనబి ఆండుకి వచ్చి ఆ అర గుమ్మంలో కాసేపు కూర్చుంటాను. లోపలికి రాను. గుమ్మంలోనే."

చనిపోయిన రోజును ఏటా తలుచుకుని ఫాతిహా చదివించుకోవడం అందరిళ్ళలోనూ ఉన్నదే. కానీ ఆ అర అప్పటికి కొత్త దంపతులది. పరాయి మగవాడు దాని గుమ్మంలో కూర్చోవాలంటే ఇంటి పెద్ద ఆడమనిషి ఒప్పుకోవాలి. నేను ఆ ఇంటికి పరాయివాణ్ణి అయ్యేది నాలుగు రోజుల్లోనే. అందుకే అప్పుడే అడిగాను.

కదీశబి ఖాళీ గ్లాసు తీసుకుంది. "చూద్దాం. పెళ్ళి సవ్యంగా జరగనీ. నీ నడత ఎలా ఉంటుందో చూసి చెప్తా."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆ టేకు పెట్టెలు కదిలించకు. అవి అరవి."

ఆ టేకు పెట్టెలంటే నా స్పీకర్లు. కాలేజీలో ఫిజిక్సు చదివి, కల్లాయి కలప మిల్లులో గుమాస్తాగా బతుకు వెళ్ళదీసినవాణ్ణి. మిల్లులో మిగిలిన టేకు పలకలతో రెండు పెట్టెలు చేసి సైనబి మంచానికి ఎదురుగా పెట్టాను. చివరి రెండేళ్ళూ ఆమె ఆ మంచం దిగలేదు. వాటిని పలికించే యాంప్లిఫయరు చిన్నది, ముప్ఫై వాట్లది. అందులోనూ ఆ గదికి ఒక వాటు ఖర్చయితే ఎక్కువ. కొద్ది కరెంటుకే గట్టిగా పలికే రకం స్పీకర్లు వెతికి తెచ్చాను కనుక అంతకు మించి అవసరం పడలేదు.

సైనబి చెవి మాత్రం నా లెక్కల కంటే సూక్ష్మం. ఒకరోజు నన్ను సౌండు మెల్లగా పెంచమంది. ఒకచోట "ఆగు, గొంతు చీరుకుంటోంది," అంది. నాకేమీ వినపడలేదు. తర్వాత మీటరు పెట్టి చూస్తే నిజమే. చిన్న యాంప్లిఫయరు తన శక్తికి మించి పాడబోతే శబ్దపు అలల తలలు తెగిపోతాయి. ఆ తెగిన అలలే స్పీకర్లోని సన్నగొంతును కాల్చేస్తాయి. పెద్ద యాంప్లిఫయరు కంటే, గొంతు చించుకునే చిన్నదే స్పీకరుకు ప్రమాదం. సైనబి రంసీన దగ్గర గోళ్ళ రంగు అడిగి తెప్పించుకుని, సౌండు పెంచే మీట పక్కన ఎర్ర చుక్క పెట్టింది. "ఇది దాటితే నీకు నాకు మాటల్లేవు," అంది. ఎప్పుడూ దాటలేదు.

స్పీకర్లు అరకు వదిలేసి, యాంప్లిఫయరును మాత్రం బట్టల మధ్య పెట్టి ట్రంకులో సర్దుకున్నాను.

*

సోమవారం మధ్యాహ్నం హంసక్కోయ వచ్చాడు. సైనబికి తమ్ముడు, నన్ను అళియా అంటాడు, బావా అన్నట్టు. రాత్రిళ్ళు తన భార్య ఇంట్లో ఉంటాడు, పగలు వచ్చి అక్కల ఇంట్లో పెత్తనం చేస్తాడు. చేతిలో యాంప్లిఫయరు ఉన్న పెద్ద అట్టపెట్టె. గల్ఫు నుంచి వచ్చినవాడెవడో అమ్మాడట. దాని మీద అరచేతి ఎత్తు అక్షరాలతో అయిదు వందల వాట్లు అని ఉంది.

"చూశావా అళియా," అన్నాడు దాన్ని నడువకంలో, అంటే ఇంటి మధ్య హాల్లో, బల్ల మీద దించి. "అయిదు వందలు! నీ డబ్బా ఎంత? ముప్ఫయ్యా? ఇంట్లో దోమలు తోలడానికి కూడా చాలదు."

"బాగుంది హంసా."

"బాగుంది అనేటప్పుడు నీ మొహం చూడాలి. పాచి పట్టిన ఊరగాయలా ఉంది."

వంటింటి గుమ్మంలో ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. అట్టలోంచి పెట్టె తీసి వెనక్కి తిప్పి చూశాను. అయిదు వందలన్నది అట్టపెట్టె చెప్పే మాట. కరెంటు ఎంత లాగుతుందో వెనక రేకు మీద వేరే రాసి ఉంది. దాన్ని బట్టి చూస్తే నిలకడగా ఇచ్చేది పక్కకు నలభై మించదు. అదేమీ తప్పు కాదు, నలభై చాలా ఎక్కువ. కానీ దాని కింద ఇంకో వరస ఉంది. స్పీకర్ల అడ్డు నాలుగు ఓములకు తగ్గకూడదు.

"ఎన్ని స్పీకర్లు పెడుతున్నావు?"

"ఇంట్లో ఎన్ని అరలున్నాయో అన్నీ. అయిదుగురు అక్కలు, అయిదు అరలు. నాలుగు అరలకి తలా ఒకటి కొత్తవి కొన్నా. నీ అరలో..." అని ఆగి, నవ్వి, "సైనబి అరలో ఆ టేకు జత ఎలాగూ ఉంది. పుయ్యాప్ల అర కదా, అక్కడ జతే ఉండాలి. ఏ అరలో కూర్చున్నా పాట ఒకేలా వినపడాలి. ఒక అక్కకి వినపడి ఇంకో అక్కకి వినపడకపోతే నన్ను ఈ ఇంట్లో బతకనిస్తారా?"

అతను చెప్పింది నిజం. ఆ ఇంట్లో చేప తెస్తే అయిదు వాటాలు వేస్తారు. పండగకు గుడ్డలు తెస్తే ఒకే తానులో కోస్తారు. చనిపోయినా సైనబి వాటా ఎవరూ ఎత్తెయ్యలేదు. దానం కింద అయినా తీసి పక్కన పెడతారు. ఆ న్యాయం చూసే నేను ఆ ఇంటిని గౌరవించేవాణ్ణి. ఆ న్యాయాన్నే ఇప్పుడు హంస యాంప్లిఫయరు వెనక్కి తెచ్చి తగిలిస్తున్నాడు.

నేను చెప్పకుండా ఉండాల్సింది. కానీ వైర్లు అప్పటికే పరుస్తున్నారు.

"హంసా, దీనికి రెండు పక్కలున్నాయి. ఒక్కో పక్కకి రెండేసి స్పీకర్ల చొప్పున నాలుగు మోస్తుంది. ఆ టేకు జత కూడా కలిపితే పక్కకి మూడు అవుతాయి. మొయ్యలేదు. వేడెక్కి ఆగిపోతుంది."

"అయిదు వందల వాట్లు మొయ్యలేదా?"

"వాట్ల సంగతి కాదు. ఒక్కో స్పీకరుకీ ఎనిమిది ఓముల అడ్డు ఉంటుంది. రెంటిని పక్కపక్కన కలిపితే అడ్డు నాలుగుకి దిగుతుంది. మూడు కలిపితే మూడు కూడా ఉండదు. అడ్డు తగ్గినకొద్దీ కరెంటు ఎక్కువ పరిగెడుతుంది."

"అడ్డు తగ్గితే మంచిదే కదా! ఈ ఇంట్లో ఉన్న అడ్డు కూడా మూడేళ్ళ కిందే పోవాల్సింది. పెళ్ళి వరకూ ఉండనిచ్చాం."

మళ్ళీ నవ్వులు. అప్పుడే కదీశబి బియ్యప్పిండి చేతులతో బయటికి వచ్చింది. ఆవిడకు అర్థమయ్యేలా చెబుదామనుకున్నాను.

"ఇత్తాత్తా, వడ్డించే మనిషి ఒకడున్నాడనుకోండి. రెండు సుప్రలు పరిచి భోజనానికి కూర్చోబెట్టినవాళ్ళకి వడ్డించగలడు. మూడో సుప్ర కూడా పరిచి అందరూ ఒకేసారి కేకేస్తే..."

"మూడో సుప్ర లేపెయ్యాలంటావు."

"అవును."

"అది ఎవరి సుప్ర?"

ఆ జత ఉన్నది సైనబి అరలో. ఇప్పుడది రంసీన అర.

"చెప్పవేం? నా కూతురి అరలో పాట వద్దంటావు. నీ పెళ్ళాం అరలో ఇంకొకరు పాట వినడం నీకు కిట్టడం లేదు. అంతేగా?"

"అది కాదు. ఏ అరదైనా సరే..."

"ఏ అరదైనా! బిడ్డా పాపా లేని మగవాడు మా అక్కచెల్లెళ్ళలో ఎవరికి పస్తు పెట్టాలో చెప్తున్నాడు, విన్నారా?"

ఆ మాట కాస్త గట్టిగానే తగిలింది. వంటింట్లో నవ్వు కూడా ఆగింది. కదీశబి తన చేతుల వంక చూసుకుని, తట్టానికి పిండి తుడుచుకుంది.

"ఆ పెట్టె గురించి ఇంకొక్క మాట నీ నోట్లోంచి వచ్చిందంటే, దాని మీద నీ చెయ్యి పడిందంటే, ఆండుకి ఈ వీధిలోకి కూడా రావక్కర్లేదు."

*

గురువారం పొద్దున్నించీ ఆ పెట్టె పాడుతూనే ఉంది. సౌండు తక్కువగా ఉంది కనుక మోస్తోంది. హంస నా పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ "ఏం అళియా, ఆగలేదే?" అనేవాడు. మధ్యాహ్నానికి "ఏం ఇంజినీరూ?" అన్నాడు. సాయంత్రానికి అతని స్నేహితులంతా నన్ను ఇంజినీరు అనడం మొదలుపెట్టారు.

నేను కోలాయలో, అంటే ముందు వసారాలో, బల్ల మీద కూర్చున్నాను. ట్రంకు నా కాళ్ళ దగ్గరే ఉంది. కొత్త సున్నం వాసన అక్కడి దాకా వస్తోంది. కొత్త గుడ్డల్లో రంసీన ఒకసారి అటు వచ్చింది. చేతులకు మైలాంచి ఎర్రగా పండింది. నన్ను చూసి ఏదో అనబోయింది. లోపల్నించి తల్లి పిలిచింది, వెళ్ళిపోయింది. పోతూ పోతూ నా ట్రంకుకు అడ్డంగా ఉన్న ఎవరివో చెప్పులను కాలితో పక్కకు జరిపింది. ఆ మాత్రం చాలు.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక పెళ్ళికొడుకు నజీబ్ మనుషులు వీధి మలుపు తిరిగారని కబురొచ్చింది. ఇంటి ముందు ఆడపిల్లలు చప్పట్లు కొడుతూ ఒప్పన పెళ్ళిపాట మొదలుపెట్టారు. లోపల హంస కాసెట్టు మార్చి, మీట సగం దాటించాడు. అయిదు అరలూ ఒక్కసారిగా మోగాయి. కిటికీ అద్దాలు గలగలలాడాయి. పెళ్ళికొడుకు మామ మొయిదీన్ హాజీ గేటు దగ్గర కాలు పెట్టాడు. వెనక నజీబ్, పూలదండ మెడలో.

అప్పుడు లోపల టక్కుమని ఒక చిన్న చప్పుడు. అన్ని అరలూ మూగబోయాయి.

దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఒప్పన పాడుతున్న పిల్లలు సగం చరణంలో ఆగిపోయారు. మొయిదీన్ హాజీ గుమ్మం ముందే నిలబడి, "ఏం, మమ్మల్ని చూసి పాట ఆగిందా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ వాళ్ళవైపు ఎవరూ నవ్వలేదు. పుయ్యాప్ల గడప తొక్కుతుండగా పాట ఆగడం ఎవరికీ మంచి శకునంలా అనిపించదు.

హంస నడువకంలోంచి దూసుకొచ్చి నా చొక్కా కాలరు పట్టుకున్నాడు.

"ఏ వైరు లాగావురా?"

అంతకు ముందెప్పుడూ అతను నన్ను 'రా' అనలేదు.

"నేనిక్కడే ఉన్నాను హంసా. చూస్తూనే ఉన్నారు అందరూ."

"పొద్దున్నే ఏదో చేసి పెట్టావు! ఆగిపోతుందని నువ్వేగా శాపం పెట్టావు. చేతులు చూపించు!"

నిజంగానే నా చేతులు తిప్పి చూశాడు. ఒకడు నా ట్రంకు తాళం లాగి చూశాడు. "ఇందులో దాచాడేమో ఫ్యూజు!" అన్నాడు ఇంకొకడు. మొయిదీన్ హాజీ ఇదంతా చూస్తున్నాడు.

"ఎవరతను?" అన్నాడు హాజీ.

"ఎవరూ కాదు," అన్నాడు హంస.

కదీశబి నడువకం గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఆవిడ వంకే చూశాను. ఆవిడ కళ్ళలో నమ్మకం లేదు. కోపం ఉంది. దాని వెనక భయం కూడా ఉంది, కూతురి కోసం. ఆ పెట్టె మీద చెయ్యి వేస్తే ఇక ఆండు లేదు, గుమ్మం లేదు. వెయ్యకపోతే రంసీన పెళ్ళికి ఈ మాట మిగిలిపోతుంది. సైనబి గోళ్ళ రంగు అడిగిన రోజున ఆ పిల్లకు పదిహేనేళ్ళు. సీసా తెచ్చి, పిన్ని చెయ్యి వణుకుతోందని తనే మణికట్టు పట్టుకుని ఆ చుక్క పెట్టించింది.

"ఇత్తాత్తా," అన్నాను, "నేను ముట్టుకోను. మీరే ఒకసారి దాని మీద చెయ్యి పెట్టి చూడండి."

"నేనెందుకు పెట్టాలి?"

"పెనం కాలిందో లేదో ఈ ఇంట్లో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు."

ఆవిడ నన్ను తిట్టబోయింది. తిట్టకుండా లోపలికి వెళ్ళి, పెట్టె మీద అరచెయ్యి ఆనించి, చటుక్కున వెనక్కి లాక్కుంది.

"హంసా!" అని అరిచింది. "దీని మీద పత్తిరి రొట్టె కాల్చొచ్చురా! పొద్దున్నించీ దీన్నిలా కాలుస్తున్నావా? ఎవడు ఏ వైరు లాగితే ఇనుము ఇలా కాలుతుంది?"

"కరెంటు ఎక్కువ తక్కువ..." హంస గొణిగాడు.

"నోరుముయ్యి." ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వేం చూస్తున్నావు? వచ్చి బాగుచెయ్యి. బాగుపడకపోతే ఆ ట్రంకు తీసుకుని అటునించి అటే పో."

లోపలికి వెళ్ళాను. దారిలో నిలబడ్డ స్నేహితులు పక్కకు జరగలేదు, భుజాలు రాసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. మీట కిందికి దించి, పెట్టె ఆపి, వెనక్కి తిప్పాను. హంస ఆ మూడేసి వైర్లనూ ఒక్కో పక్క మెలేసి బిగించాడు. వాటిలోంచి టేకు జత వైర్లు రెండూ విప్పాను.

"చూశారా! చూశారా!" హంస ఎగిరిపడ్డాడు. "ఆ అర వైరే పీకాడు! ఇంతమంది ముందు! నేను చెప్పలా, కూతురి అర మీదే వీడి కన్ను!"

గుంపులో గొణుగుడు మొదలైంది. కదీశబి మొహం మళ్ళీ గట్టిపడింది. "అలిక్కోయా, నా కూతురి అర మూగగా ఉండాలా, ఇవాళ?"

"ఉండదు ఇత్తాత్తా. నా ట్రంకు తెప్పించండి."

ఎవరూ కదల్లేదు. చివరికి కదీశబే వెళ్ళి, ఆ బరువును ఈడ్చుకుంటూ తెచ్చి నా ముందు పడేసింది. రెండు లుంగీల మధ్యనుంచి చిన్న యాంప్లిఫయరు తీశాను. గుంపులో ఎవరో "దోమల డబ్బా!" అన్నారు. దాన్ని పెద్దదాని పక్కన, వేడి తగలకుండా కాస్త దూరంగా పెట్టాను. పెద్ద పెట్టె వెనక, టేపు రికార్డరుకు పాట పంపడానికి రెండు రంధ్రాలుంటాయి. వాటిలోంచి చిన్నదానికి ఒక తీగ కలిపాను. టేకు జత వైర్లు చిన్నదానికి బిగించాను. పెద్దది నాలుగు అరలు చూసుకుంటుంది, పక్కకి రెండు. చిన్నది ఒక్క అర చూసుకుంటుంది. ఇద్దరికీ మోయగలిగినంతే.

ఇనుము చల్లారేదాకా విసనకర్రతో విసిరాను. బయట ఒప్పన పిల్లల్లో ఒకతి, ఎవరూ చెప్పకుండానే, ఆగిన చరణం మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. పెళ్ళివారు కాసెట్టు లేకుండా, ఆ పిల్లల గొంతుల మీదే గడప దాటారు. ఆ పిల్ల ఎవరి పిల్లో నాకిప్పటికీ తెలీదు.

మీట నొక్కాను. టక్కుమంది, నాలుగు అరల్లో పాట లేచింది. చిన్నదాని మీట మెల్లగా తిప్పి, ఎర్ర చుక్క దగ్గర ఆపాను. సైనబి అరలో పాట నిండింది. నాలుగు అరల్లోని కొత్త స్పీకర్లు అరుస్తున్నాయి. అక్కడ మాత్రం మనిషి మంచం అంచున కూర్చుని పాడుతున్నట్టుంది. నజీబ్ ఆ గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చెవి పెట్టి, "ఈ గదిలో బాగుంది," అన్నాడు పక్కవాడితో.

"ఎంత? అయిదు వందల వాట్లా?" అన్నాడు వాడు.

"ఒక వాటు ఉంటుంది," అన్నాను.

ఎవరూ నమ్మలేదు. హంస "ఒక వాటట!" అని నవ్వాడు. ఈసారి అతనితో కలిసి ఇద్దరు ముగ్గురే నవ్వారు.

*

భోజనాల సుప్రలు పరిచారు. ఇంటి పుయ్యాప్లలందరికీ కలిపి ఒక సుప్ర, మధ్యలో బిర్యానీ పళ్ళెం. హంస ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టాడు. నన్ను పిలవలేదు. నేను ట్రంకు మూసి, తాళం నొక్కి, కోలాయ వైపు నడిచాను. చిన్న యాంప్లిఫయరు బల్ల మీదే ఉంది. దాన్ని తీస్తే ఆ అర మూగబోతుంది. తీసే ప్రశ్నే లేదు.

"ఏయ్," అంది కదీశబి వెనకనుంచి. "అక్కడ ఒక చోటు ఖాళీగా ఉంది. దానికేసి చూడు."

"నన్ను పిలవలేదు ఇత్తాత్తా."

"నిన్ను పిలవడానికి మొయిదీన్ హాజీ రావాలా? కూర్చో. చల్లారితే మళ్ళీ వేడి చేసే ఓపిక నాకు లేదు."

కూర్చున్నాను. నా పక్కవాళ్ళిద్దరూ కాస్త దూరం జరిగారు. చోటు ఇవ్వడానికి కాదు. పళ్ళెం నుంచి నా చెయ్యి దూరమయ్యేలా జరిగారు. హంస నా వైపు అన్నం లేని అంచును తిప్పి పెట్టాడు. కదీశబి వచ్చి, ఏమీ అనకుండా పళ్ళేన్ని సగం చుట్టు తిప్పి వెళ్ళిపోయింది. ముక్కలున్న వైపు నా ముందుకు వచ్చింది.

తిన్నాక చెయ్యి కడుక్కుని, ట్రంకు ఎత్తుకున్నాను. సెలవు అడగడానికి వెళ్ళేసరికి నడువకంలో గొడవ. నజీబ్ స్నేహితులు చిన్న యాంప్లిఫయరు చుట్టూ చేరారు. ఒకడు మీట మీద వేలు పెట్టి, "పెళ్ళికొడుకు గది అన్నిటికన్నా గట్టిగా మోగాలి కదా!" అంటున్నాడు.

కదీశబి వాడి వేలి మీద ఒక్కటి వేసింది.

"ఆ ఎర్ర చుక్క కనపడుతోందా?"

"కనపడుతోంది ఉమ్మా."

"దాన్ని దాటించావో, వేళ్ళు ఇక్కడే వదిలేసి పోవాలి. పెళ్ళికొడుకైనా సరే, వాళ్ళ మామైనా సరే. ఆ చుక్క నా చెల్లెలు పెట్టింది."

వాడు వేలు ఊదుకుంటూ పక్కకు పోయాడు. ఆవిడ నన్ను చూసింది. చూడనట్టే తల తిప్పుకుని, బల్ల మీద పడ్డ పూలరేకులు యాంప్లిఫయరు మీంచి ఊదేసింది.

"వెళ్ళొస్తాను ఇత్తాత్తా."

గేటు దాకా నడిచాను. హంస గేటు పక్కన ఎవరికో చెబుతున్నాడు, "కరెంటు లైన్లో లోపమప్పా, నా పెట్టెలో కాదు." నన్ను చూసి మాట ఆపాడు. గేటు మాత్రం తియ్యలేదు. నేనే ట్రంకు దించి గడియ తీసుకున్నాను.

"అలిక్కోయా!" కదీశబి కోలాయ మెట్ల మీదికి వచ్చింది. అందరికీ వినపడేలా, ఎవరినో తిడుతున్న గొంతుతోనే అంది. "ఆండు సఫర్ నెలలో. గుర్తుందా లేక అదీ నేనే చెప్పాలా?"

"గుర్తుంది."

"మగ్రిబ్‌కి ముందే రా. వచ్చి ముందు ఆ పెద్ద పెట్టె, నీ చిన్న పెట్టె వేడి చూడు. హంసగాడి మీద నాకు నమ్మకం లేదు. మగ్రిబ్ దాటాక వస్తే తలుపు తియ్యను."

"ముందే వస్తాను."

"వస్తావులే," అంది. "మూడేళ్ళు పొమ్మన్నా పోనివాడివి."

గేటు నా వెనక ఎవరో విసురుగా వేశారు. వీధి చివర దాకా ఆ ఇంటి పాట వినపడుతూనే ఉంది. నాలుగు అరల హోరు మలుపు దగ్గర ఆగిపోయింది. సైనబి అర కిటికీలోంచి వచ్చే పాట ఇంకొంచెం దూరం వచ్చింది. ట్రంకును ఆ చెయ్యి నుంచి ఈ చేతికి మార్చుకుని, అది వినపడుతున్నంత మేరా మెల్లగానే నడిచాను.